పండుగప్ప పిల్ల నోరు తెరిచే రోజు

నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట, విడవలూరు, అల్లూరు మొదలుకొని అటు ప్రకాశం జిల్లా సింగరాయకొండ, కొత్తపట్నం దాకా తీరం పొడవునా రొయ్యల గుంటలే. గుడ్డు నుంచి బయటపడ్డ రొయ్య పిల్ల, అంటే నాప్లీ, ఎన్ని గంటలకు తర్వాతి దశ జోయా అవుతుందో, జోయా దశలో బ్యాచ్ ఎందుకు దెబ్బతింటుందో, గుంటలో వదిలే పిల్లను, అంటే పి.ఎల్.ను, ఎన్నో రోజున దించుకోవాలో ఈ ఊళ్లలో బడి గడప తొక్కని వాళ్లు కూడా విడమరిచి చెబుతారు. వనామి రొయ్య రేటు పడిపోయినప్పుడల్లా, ఈ.హెచ్.పి. జబ్బు తగిలి రొయ్య ఎదగక కౌంటు రాని గుంటలు చూసినప్పుడల్లా వీళ్ల చూపు చేప మీదకు పోతుంది. అందులోనూ పండుగప్ప మీదకు. ఉప్పునీళ్లలో బతుకుతుంది, చప్పనీళ్లలోనూ బతుకుతుంది, మార్కెట్లో మంచి ధర పలుకుతుంది. మాట అక్కడిదాకా వచ్చాక ఎవరో ఒకరు అడిగే ప్రశ్న ఒకటుంది: "హేచరీ మనకేమన్నా కొత్తా అన్నా? ట్యాంకులున్నాయి, సముద్రం పక్కనే ఉంది, నీళ్లలోకి గాలి కొట్టే బ్లోయర్లున్నాయి. పండుగప్ప పిల్లను మనమే తీసుకోలేమా?"

తీసుకోవచ్చు. అయితే రొయ్య పిల్లను పెంచిన అనుభవం ఇక్కడ సగం వరకే పనికొస్తుంది. మిగతా సగం దగ్గర చేప లార్వా పూర్తిగా వేరే దారిలో పోతుంది. అదెక్కడ విడిపోతుందో తెలిస్తే, హేచరీ పెట్టాలనుకునే వాళ్లకే కాదు, సీడ్ కొనుక్కొచ్చి గుంటలో వదిలే రైతుకు కూడా చాలా సంగతులు అర్థమవుతాయి. పిల్ల ఎందుకంత ఖరీదో, ఒకే సంచిలో వచ్చిన పిల్లల్లో కొన్ని వేలెడు, కొన్ని గోరంత ఎందుకుంటాయో, వదిలిన వాటిలో సగం ఎక్కడికి పోయాయో తెలుస్తుంది.

పండుగప్ప గుడ్లు పెట్టేది సముద్రపు ఉప్పులో, నదీముఖాల దగ్గర. పిల్లలు కాస్త బలపడ్డాక ఉప్పుటేళ్లలోకి, అక్కడి నుంచి చప్పనీళ్లలోకి ఎగబాకుతాయి. అందుకే ఒకప్పుడు సీడ్ అంటే ఏటి ముఖాల్లో వల వేసి పట్టుకునేదే. ఎన్ని దొరుకుతాయో, ఏ సైజులో దొరుకుతాయో ఎవరి చేతిలోనూ ఉండేది కాదు. బంధించిన చేపతో గుడ్లు పెట్టించడం 1970లలో థాయ్‌లాండ్‌లో సాధించారు. మన దేశంలో 1997లో సీబా, అంటే కేంద్రీయ ఉప్పునీటి జలకృషి సంస్థ, చెన్నై దాటాక ముట్టుకాడులో ఉన్న తన కేంద్రంలో ఆ పని చేసి చూపించింది. తర్వాత రాజీవ్‌గాంధీ ఆక్వాకల్చర్ కేంద్రం తమిళనాడులోని తొడువాయిలో పండుగప్ప హేచరీ పెట్టింది. మండపంలో సముద్ర మత్స్య పరిశోధన సంస్థ 2010లో కోబియాకు, 2011లో సిల్వర్ పొంపానోకు పిల్లలు తీసింది. చేప ఏదైనా, తొలి మూడు నాలుగు వారాల కథ దాదాపు ఒకటే. మనకు దగ్గరిది కాబట్టి పండుగప్పనే పట్టుకుందాం.

తల్లి చేప దగ్గరే మొదటి చిక్కు. పండుగప్ప పుట్టాక మొదట మగదిగా ఎదుగుతుంది. మూడు నాలుగేళ్లకు మగచేపగా పక్వానికి వచ్చి, ఆ తర్వాత కొన్నేళ్లకు, నాలుగు కిలోలు దాటాక, ఆడదిగా మారుతుంది. అంటే గుడ్లు పెట్టే చేప కావాలంటే ఏళ్ల తరబడి మేపాలి. రొయ్య తల్లిని తెచ్చుకుని కొన్ని వారాల్లో నాప్లీ తీసినట్టు కాదు. అండాశయంలోంచి సన్నటి గొట్టంతో కొన్ని గుడ్లు లాగి, మైక్రోస్కోపు కింద కొలిచి, మిల్లీమీటరులో దాదాపు సగం సైజుకు వచ్చాయని తేలితేనే హార్మోన్ ఇంజెక్షన్ ఇస్తారు. ఇచ్చిన 30 నుంచి 36 గంటలకు, మామూలుగా రాత్రిపూట, గుడ్లు నీళ్లలోకి వదులుతుంది. ఒక్కో తల్లి లక్షల్లో పెడుతుంది.

ఆ గుడ్లను ఒక గాజు బీకరులోకి తీసుకుని గాలి ఆపేసి చూడండి. ఫలదీకరణ జరిగినవి మెల్లగా పైకి తేలి నీటి అంచున గుండ్రంగా చేరతాయి. కంటికి ఆనీ ఆననంత పారదర్శకంగా ఉంటాయి, 0.8 మిల్లీమీటరుకు మించవు. ఒక్కోదానిలో ఒకే ఒక్క నూనెబొట్టు వెలుతురుకు మెరుస్తుంది. చచ్చినవి తెల్లగా పాలిపోయి అడుక్కి దిగుతాయి. అడుగున ఉన్న తెల్లటి పొర మందాన్ని బట్టి ఆ బ్యాచ్ ఎలా ఉండబోతోందో అనుభవం ఉన్న టెక్నీషియన్ అక్కడే చెప్పేస్తాడు. మన తీరంలో దీనికి ఇంకో లంకె ఉంది. గుడ్డు తేలాలంటే నీళ్లలో ఉప్పు ఉండాలి. హేచరీలో 28 నుంచి 32 పి.పి.టి. (వెయ్యి పాళ్ల నీళ్లలో ఇన్ని పాళ్ల ఉప్పు) మధ్య ఉంచుతారు. అక్టోబరు, నవంబరులో ఈశాన్య రుతుపవనాల వానకు పెన్నా, మన్నేరు, గుండ్లకమ్మ పొంగి తీరం దగ్గర ఉప్పు పడిపోతే మంచి గుడ్లు కూడా అడుక్కి జారతాయి. అడుగున గాలి ఆడక కుళ్లిపోతాయి. ముందే నీళ్లు తోడి నిల్వ పెట్టుకోకుండా ఆ నెలల్లో పండుగప్ప బ్యాచ్ పెట్టడం సాహసమే అవుతుంది.

నీళ్లు 28 నుంచి 30 డిగ్రీల వేడిలో ఉంటే 16 నుంచి 18 గంటల్లో గుడ్డు పగులుతుంది. బయటికొచ్చే పిల్ల పొడవు ఒకటిన్నర మిల్లీమీటరు. దాన్ని చేప అనడానికి చాలా ఊహ కావాలి. కళ్లుంటాయి గానీ నల్లబడలేదు కాబట్టి చూపు లేదు. నోరు తెరుచుకోలేదు. పేగు ఒక తిన్నటి గొట్టం, చివర కూడా మూసుకునే ఉంది. మొప్పలు తయారు కాలేదు. ఊపిరి చర్మం గుండానే. చుట్టూ ఉన్న ఉప్పు ఒంట్లోకి ఎక్కకుండా కాచేది కూడా చర్మంలోని ప్రత్యేక కణాలే. పొట్ట కింద పచ్చసొన, అందులో నూనెబొట్టు. తల్లి కట్టిచ్చిన ఆ సద్దిమూటే దానికి రెండు రోజుల బతుకు.

ఇక్కడివరకు రొయ్య నాప్లీ కథా ఇంతే. అదీ సొన మీదే బతుకుతుంది, మేత అడగదు. తేడా తర్వాతి అడుగులో ఉంది. నాప్లీ జోయాగా మారాక నీళ్లలో ఉన్న ఆల్గేను, అంటే కంటికి ఆనని సన్నటి నాచును, వడకట్టుకుని తింటుంది. ట్యాంకులో కీటోసెరాస్ అనే ఆల్గే సరిపడా ఉంటే దాని నోటికి అదే వస్తుంది. పండుగప్ప పిల్ల అలా కాదు. మొదటి ముద్ద నుంచే వేటగాడు. కదిలే జీవాన్ని కంటితో చూసి, గురి పెట్టి, ఎగిరి పట్టుకోవాలి. పట్టుకునేది దాని నోటికంటే చిన్నదై ఉండాలి. ఆ నోరు మిల్లీమీటరులో పావు వంతు.

అందుకే ఈ వ్యవహారమంతా ఒక్క రోజు మీద నిలబడి ఉంటుంది. పుట్టిన రెండో రోజు చివర, మూడో రోజు మొదట్లో కళ్లు నల్లబడతాయి, నోరు తెరుచుకుంటుంది, పేగు చివర తెరుచుకుంటుంది. సరిగ్గా అదే సమయానికి సొన అయిపోవస్తుంది. నూనెబొట్టు ఇంకొంచెం సేపు ఆసరా ఇస్తుంది. ఆ కొద్ది గంటల్లోనే తిండి దొరకాలి. దొరక్కపోతే పిల్ల వెంటనే చావదు, ఇంకా ఈదుతూనే ఉంటుంది. కానీ ఒక హద్దు దాటాక, ఎదురుగా తిండి తిరుగుతున్నా దాన్ని పట్టే సత్తువ ఉండదు. పట్టినా అరిగించుకునే పేగు మిగలదు. ట్యాంకులో చావు ఐదో రోజునో ఆరో రోజునో కనిపిస్తుంది, అసలు కారణం మూడో రోజుది. ఈ ఆలస్యమే కొత్తవాళ్లను తికమక పెడుతుంది. ఐదో రోజు నీళ్లు మారుస్తారు, మందులు వేస్తారు. అప్పటికే ఆ పిల్లల లెక్క ముగిసిపోయి ఉంటుంది.

ఈ ఆలోచన హేచరీల కంటే పాతది. నార్వే తీరంలో కాడ్, హెర్రింగ్ చేపలు ఒక ఏడాది విరగబడి దొరికి, మరో ఏడాది మాయమవడం ఎందుకని వెతికిన యోహాన్ యోర్ట్ అనే శాస్త్రవేత్త 1914లో ఒక వాదన చెప్పాడు. పెద్ద చేపలు ఎన్ని గుడ్లు పెట్టాయన్నది ముఖ్యం కాదు, సొన అయిపోయే వేళకు లార్వాల చుట్టూ సరైన తిండి ఉందా లేదా అన్నదే ఆ ఏటి పంటను తేలుస్తుందన్నాడు. లార్వాలు ప్రవాహాలకు ఎటో కొట్టుకుపోవడం కూడా ఒక కారణం కావొచ్చని తనే అన్నాడు, సముద్రంలో ఇతర జీవులు తినేయడం కూడా బలమైన కారణమేనని తర్వాతి పరిశోధకులు చేర్చారు. హేచరీ ట్యాంకులో ఆ రెండూ ఉండవు. యోర్ట్ చెప్పిన తిండి సంగతే అక్కడ నూటికి తొంభై పాళ్లు.

ఆ తిండి పేరు రోటిఫర్. మిల్లీమీటరులో ఐదో వంతుకు లోపే ఉండే సూక్ష్మజీవి. నెమ్మదిగా గిర్రున తిరుగుతూ కదులుతుంది కాబట్టి పిల్ల కంటపడుతుంది, తప్పించుకుని పారిపోదు. మగదానితో పని లేకుండానే పిల్లల్ని కంటుంది కాబట్టి వేగంగా పెరుగుతుంది. ఎంత కావాలో ఒక లెక్క వేద్దాం. పది టన్నుల ట్యాంకులో లీటరుకు 40 చొప్పున 4 లక్షల లార్వాలు వేశామనుకోండి. అప్పుడే చూపు వచ్చిన పిల్లకు కొద్ది మిల్లీమీటర్ల దూరమే కనిపిస్తుంది, మొదట్లో గురి కూడా ఎక్కువసార్లు తప్పుతుంది. కాబట్టి ఎటు చూసినా రోటిఫర్ ఉండాలి. మిల్లీలీటరుకు 10 ఉంచాలంటే ఆ ఒక్క ట్యాంకులోనే పది కోట్లు కావాలి. మిల్లీలీటరుకు వంద చొప్పున పెరిగే రోటిఫర్ తొట్టి అయితే టన్ను నీళ్లు వడకట్టాలి. ఆ టన్ను రోటిఫర్‌ను మేపడానికి నానోక్లోరాప్సిసో క్లోరెల్లానో, ఏదో ఒక ఆల్గే పచ్చగా టన్నుల్లో పెరుగుతూ ఉండాలి. ఇదంతా పిల్ల పుట్టకముందే సిద్ధంగా ఉండాలి.

చేప హేచరీ అంటే నిజానికి మూడు సాగులు. ఆల్గే ఒకటి, రోటిఫర్ రెండు, చేప మూడు. మొదటి రెండింటిలో ఒక్కటి ఒక్క రోజు కూలిపోయినా మూడోది కూలుతుంది. మన రొయ్యల హేచరీలకు మొదటిది వచ్చు. రెండోదే కొత్త. పండుగప్ప పిల్ల ధరలో ఎక్కువ భాగం ఈ రెండో సాగు ఖర్చేనని నా అభిప్రాయం.

లార్వా ట్యాంకులోకి కూడా కొంత ఆల్గే పెరిగిన పచ్చనీళ్లు పోస్తారు. పిల్ల దాన్ని తిని బతకడానికి కాదు. ఆ లేత పచ్చ మీద రోటిఫర్ బాగా ఆనుతుంది. వేటకు చిక్కకుండా మిగిలిన రోటిఫర్లు ఆకలితో వట్టిపోకుండా ఉంటాయి. ఈ రెండో ప్రయోజనం చాలా ముఖ్యం. ఎందుకంటే రోటిఫర్‌కు సొంత పోషకం తక్కువ, అది ఏం తిందో అదే చేప పిల్లకు అందుతుంది. సముద్ర చేపల పిల్లలకు డి.హెచ్.ఎ., ఇ.పి.ఎ. అనే కొవ్వు ఆమ్లాలు బయటి నుంచి రావాల్సిందే, ఒంట్లో సరిపడా తయారుచేసుకోలేవు. మెదడుకు, కంటికి అవే ముడిసరుకు. ఈస్టు మీద చవగ్గా పెంచిన రోటిఫర్‌లో అవి దాదాపు ఉండవు. నానోక్లోరాప్సిస్ మీద పెంచితే ఇ.పి.ఎ. వస్తుంది గానీ డి.హెచ్.ఎ. సరిపోదు. ఐసోక్రైసిస్ లాంటి ఆల్గేతోనో, చేపనూనె ద్రావణంతోనో కొన్ని గంటలు మేపి అప్పుడు వేయాలి. కడుపు నిండి కూడా ఎదగని పిల్లలు, ప్యాకింగ్ కోసం చేతివల వేసేసరికి గిలగిలా కొట్టుకుని వెల్లకిలా పడే పిల్లలు చాలావరకు ఈ లోటు బాధితులే.

ఇదే రోజుల్లో ఇంకో పని చడీచప్పుడు లేకుండా జరుగుతుంది. పిల్ల నీటి పైఅంచుకు వచ్చి ఒక గుటక గాలి మింగుతుంది. ఆ గాలితోనే దాని గాలితిత్తి మొదటిసారి ఉబ్బుతుంది. కొద్ది రోజుల్లో ఆ దారి మూసుకుపోతుంది, ఆ తర్వాత తిత్తిలోకి వాయువు రక్తం నుంచి రావాల్సిందే. అంటే గాలి మింగే అవకాశం ఒక్కసారే. నీటి మీద సన్నటి నూనె పొర ఉన్నా పిల్ల దాన్ని చీల్చుకుని పైకి రాలేదు. ఆ నూనె ఎక్కడిదో కాదు, చచ్చిన గుడ్ల నుంచి, రోటిఫర్‌కు పెట్టిన చేపనూనె నుంచి, ఒక్కోసారి బ్లోయర్ గొట్టం నుంచి వస్తుంది. తిత్తి ఉబ్బని పిల్ల మునిగిపోకుండా ఉండటానికే బలమంతా ఖర్చు పెడుతుంది, తల పైకెత్తి ఏటవాలుగా ఈదుతుంది, రోజులు గడిచేకొద్దీ వెన్ను వంగుతుంది. గుంటలో గూని చేపలు కనిపిస్తే దాని మూలం ఇక్కడ ఉండొచ్చు. నీటి పైపొరను లాగేసే చిన్న స్కిమ్మర్ పెట్టుకోవడం ఈ ఖర్చులన్నిటిలో అతి చిన్నది. దాన్ని విస్మరించడం మాత్రం క్షమించరానిది.

ఎనిమిది, పది రోజులకు పిల్ల నాలుగైదు మిల్లీమీటర్లు అవుతుంది, నోరు పెద్దదవుతుంది. అప్పటి నుంచి రోటిఫర్‌తో పాటు ఆర్టీమియా అనే బుల్లి ఉప్పునీటి జీవి. అది మన హేచరీల వాళ్లకు చిన్ననాటి నేస్తం, డబ్బా తెరిచి ఉప్పునీళ్లలో వేస్తే మర్నాటికి పిల్లలు. కాకపోతే ఆర్టీమియాలోనూ డి.హెచ్.ఎ. లేదు, దాన్ని కూడా మేపాలి. గుడ్డు పగిలిన తొలి దశలో ఆర్టీమియాకే తినే నోరు ఉండదు. కొన్ని గంటలు ఆగి, తర్వాతి దశకు వచ్చాక పోషకం పట్టించాలి. అప్పటికి సైజు కూడా పెరిగిపోతుంది కాబట్టి చిన్న పిల్లలకు నోట పట్టదు. అందుకే కొన్ని రోజులు రోటిఫర్ ఆపకుండా రెండూ కలిపి వేస్తారు.

ఇన్ని తిప్పలెందుకు, మొదటి నుంచీ పొడి మేత వేస్తే పోలేదా అని అడగొచ్చు. పోదు, ఎందుకంటే ఆ పిల్లకు జీర్ణాశయం లేదు. పండుగప్పలో జీర్ణరసాలూరే అసలైన పొట్ట పనిలోకి రావడానికి రెండు వారాలు దాటుతుంది. అంతవరకు ఉన్నది పేగే. మెత్తటి జీవాహారాన్ని అది ఎలాగో అరిగించుకుంటుంది, పొడి మేతలోని గట్టి మాంసకృత్తులను విడగొట్టలేదు. పైగా కదలని గుళికను తిండిగా గుర్తించదు. కాబట్టి పొట్ట తయారయ్యాక, దాదాపు మూడో వారం నుంచి, ఆర్టీమియా కొద్దికొద్దిగా తగ్గిస్తూ సన్నటి గుళికలు పెంచుతూ అలవాటు చేస్తారు. ఈ అలవాటు సరిగా చేయని పిల్ల గుంటలోకి వచ్చాక చిన్నచేపల ముక్కలు తప్ప ముట్టదు. అప్పుడు రైతు మేత ఖర్చు, నీళ్ల కంపు రెండూ పెరుగుతాయి.

ఈలోపు పిల్ల రూపం మారుతుంది. నల్లగా, మాసినట్టుండే లార్వా నాలుగో వారానికల్లా వెండిరంగు తిరిగి, రెక్కలన్నీ వచ్చి, చూడగానే పండుగప్ప అని చెప్పేలా ఉంటుంది. అందరికీ ఊరట కలిగే ఈ దశలోనే తోబుట్టువుల వేట మొదలవుతుంది.

గ్రేడింగ్, అంటే సైజుల వారీగా వేరు చేసే తొట్టి పక్కన కూర్చుని తెల్లటి ప్లాస్టిక్ గిన్నెలో ఒక గుప్పెడు పిల్లలు వేసి చూస్తే తెలుస్తుంది. అన్నీ ఒకే దిక్కుకు తిరుగుతుంటే ఒకటి మాత్రం మూలన కదలకుండా ఉంటుంది. దాని నోట్లోంచి ఇంకో పిల్ల తోక బయటికి వేలాడుతూ, ఇంకా కొట్టుకుంటూ ఉంటుంది. మింగేది మింగబడేదాని కంటే మరీ పెద్దదేం కాదు. తన పొడవులో మూడింట రెండు వంతులున్న పిల్లను కూడా పండుగప్ప మింగగలదు. ఒక్కోసారి అడ్డం తిరిగి రెండూ చస్తాయి. మింగిన పిల్ల మరింత పెరుగుతుంది, రేపు దానికి ఎదురుండే తమ్ముళ్లు ఇంకా ఎక్కువవుతారు. అందుకే మూడు నాలుగు రోజులకొకసారి పెద్దవాటిని, చిన్నవాటిని వేరు చేయాలి. రోజుకు పలుమార్లు మేత వేసి ఏ పిల్లా ఆకలితో ఉండకుండా చూడాలి.

ఆ సైజు తేడా ఎక్కడ మొదలైందో వెనక్కి వెళ్లి చూస్తే మళ్లీ మూడో రోజు దగ్గరికే వస్తాం. పుట్టుకతో వచ్చే ఎదుగుదల తేడా కొంత ఉంటుంది, కాదనను. కానీ నోరు తెరిచిన పూట కడుపు నింపుకున్నవీ, మర్నాటి దాకా వెతుక్కున్నవీ ఒకే ట్యాంకులో ఉంటే మూడు వారాలకు అవి వేటగాడు, వేట అయిపోతాయి. గ్రేడింగ్ ఎంత బాగా చేసినా తొలిరోజు రోటిఫర్ కొరతను అది పూడ్చలేదు.

జబ్బుల్లో ఒక్కదాన్ని మాత్రం చెప్పక తప్పదు, వి.ఎన్.ఎన్. అనే నరాల జబ్బు. దీన్ని తెచ్చేది నోడా వైరస్. పిల్ల మెదడులో, కంటి రెటీనాలో కణాలను తొలిచేస్తుంది. పిల్లలు గిరగిరా తిరుగుతాయి, వెల్లకిలా తేలతాయి, రెండు మూడు వారాల వయసులో ట్యాంకులకు ట్యాంకులు ఖాళీ అవుతాయి. మందు లేదు. తల్లి నుంచి గుడ్డు ద్వారా పిల్లకు వస్తుంది కాబట్టి తల్లి చేపలకు పి.సి.ఆర్., అంటే వైరస్‌ను పట్టే పరీక్ష, చేయడమే అసలు రక్షణ. 1994, 95లో టైగర్ రొయ్యను తెల్లమచ్చ వైరస్ తుడిచిపెట్టినప్పుడు సీడ్‌కు పి.సి.ఆర్. విలువ ఏమిటో మన జిల్లాలు సొమ్ము పోగొట్టుకుని నేర్చుకున్నాయి. చేపకు ఆ పాఠం మళ్లీ అదే ఖరీదు పెట్టి నేర్చుకోవాల్సిన పని లేదు.

ఇన్ని మలుపులు దాటి లక్ష లార్వాల్లో ఇరవై, ముప్ఫై వేలు నెల నాటికి మిగిలితే అది బాగా వచ్చిన బ్యాచే. అప్పటికి పిల్ల సైజు ఒకటిన్నర సెంటీమీటరు అటూఇటూ. రొయ్య పి.ఎల్. వదిలినట్టు దాన్ని నేరుగా పెద్ద గుంటలో చల్లేయడమే మన దగ్గర జరిగే అతి పెద్ద నష్టం. ఆ సైజు పిల్ల పెద్ద నీళ్లలో మేత వెతుక్కోలేదు, పక్కనున్న దాన్ని వెతుక్కుంటుంది. గుంటలోనే ఒక మూల హాపాలు, అంటే వల తొట్లు కట్టి, లేదా సిమెంటు తొట్టెల్లో, ఇంకో నెల, నెలన్నర నర్సరీ చేసి ఎనిమిది, పది సెంటీమీటర్లు అయ్యాక వదలాలి. వేలెడు పిల్ల ధర ఎక్కువని చిన్నది కొనే రైతు, ఆ తేడా డబ్బును పిల్లల రూపంలో గుంటలోనే పోగొట్టుకుంటాడు.

సీడ్ కోసం వెళ్లినప్పుడు మన వాళ్లు మామూలుగా వయసు, ధర, సంచికి ఎన్ని అని అడుగుతారు. నేనైతే ముందు తల్లి చేపలకు వి.ఎన్.ఎన్. పరీక్ష కాగితం అడుగుతాను. రోటిఫర్‌ను దేని మీద పెంచారని, ఆర్టీమియాకు పోషకం పట్టించారా అని అడుగుతాను. నాలుగు గుళికలు నా ముందే వేయమంటాను. పైకొచ్చి చటుక్కున అందుకుంటే మేతకు అలవాటు పడ్డ పిల్ల. ఓ గుప్పెడు తెల్ల గిన్నెలో వేయించి వెన్ను వంగినవి, తల ఎత్తి ఏటవాలుగా ఈదేవి లెక్కపెడతాను. చివరి గ్రేడింగ్ ఎప్పుడు చేశారని అడుగుతాను. నిన్న మొన్న చేసి ఉంటే దారిలో తోకలు కొరుక్కోవు.

తెచ్చాక ఉప్పు సంగతి. హేచరీలో 30 పి.పి.టి.లో ఉన్న పిల్ల మన గుంటలో వానాకాలం అయితే 5కు, ఎండాకాలం అయితే 40కి కూడా రావచ్చు. పండుగప్ప రెండింటినీ తట్టుకుంటుంది, కానీ ఒక్క గంటలో కాదు. గుంట ఉప్పు ఎంతో ముందే హేచరీకి చెప్పి, ప్యాకింగ్‌కు కొన్ని రోజుల ముందు నుంచే అక్కడ కొద్దికొద్దిగా మార్పించుకోవాలి. మిగిలిన తేడాను గుంట గట్టు మీద, తొట్టిలో, గుంట నీళ్లు విడతలవారీగా కలుపుతూ సరిచేయాలి. చల్లబడ్డాక, సాయంత్రం దాటాక హాపాలోకి దించి, ఆ రాత్రి మేత పెట్టకుండా ఉంచి, తెల్లవారాక మొదటి మేత వేయాలి. మూడు నాలుగు రోజుల తర్వాత మళ్లీ గ్రేడింగ్. పిల్ల పది సెంటీమీటర్లు దాటేదాకా అది ఆగదు.